కికుమి తీగ

నవంబరు 6

ఇవాళ కూడా కికుమి నా చేతి గడ్డి ముట్టలేదు. గాడిలో వేసి పక్కకు తప్పుకున్నాక తింది. మా ఆవిడ తోమియే ఉన్నప్పుడు కొట్టం తలుపు చప్పుడైతే చాలు, లేచి నిలబడేది. నేను వెళ్తే ముఖం గోడవైపు తిప్పుకుంటుంది. పోనీ. నాకూ ఆవులంటే పెద్ద ఇష్టమేం లేదు. ముప్పై ఏళ్ళు బస్సు నడిపినవాణ్ణి. బస్సుకి మేత వేయక్కర్లేదు, అది అలగదు.

సాయంత్రం ఆవిడ ఫోటో పెట్టిన పూజ గూటి ముందు గంట మోగించి, అన్నం పెట్టి, రోజూ చెప్పేదే చెప్పాను. "కికుమి బాగానే ఉంది. చూలు బాగానే ఉంది." ఫోటోలో తోమియే ఎప్పటిలాగే నవ్వుతోంది.

నాకేమీ అనిపించడం లేదు. ఆగస్టులో ఆవిడ పోయినప్పటి నుంచీ ఇంతే. నిద్ర మాత్రం బాగా పడుతోంది.

నవంబరు 9

వాన.

నవంబరు 14

పక్కింటి జింపచి అన్న ముల్లంగి ఊరగాయ పట్టుకొచ్చాడు. ఊరగాయ వంక, అసలు పని నన్ను తిట్టడం.

"ఏరా ఇసావో, ఇంకెన్నాళ్ళురా ఈ పేడ ఎత్తడం? ఇల్లరికం వచ్చినోడివి, అత్తింటి ఆవులు నీకెందుకు? అమ్మి పారేసి హాయిగా వేడినీళ్ళ బుగ్గల్లో స్నానాలు చేస్తూ తిరుగు."

"ఈనాక అమ్మేస్తాలే."

"వేసవిలోనూ అదే మాట అన్నావు."

"అప్పుడు ఆవిడ ఉంది."

ఆ మాటతో చప్పబడిపోయి టీ అడిగాడు. పెట్టి ఇచ్చాను.

మిగతా ఆవులన్నిటినీ సెప్టెంబరులోనే అమ్మేశాను. ఇది ఒక్కటే మిగిలింది. ఆసుపత్రిలో తోమియే నాతో చివరగా మాట్లాడిన మాట, "కికుమి తీగ తెగనివ్వకు." సరే అన్నాను. అలాంటప్పుడు ఎవరైనా సరే అనే అంటారు. ఆ తర్వాత ఆవిడ కళ్ళు మూసుకుంది. నాతో చెప్పుకోవాల్సింది ఇంకేమీ లేకపోయినట్టుంది.

నవంబరు 21

జిల్లా పశుకేంద్రం నుంచి హయామి వచ్చింది. ముప్పై దాటి ఉండవు. రబ్బరు బూట్లతో పేడలో నా కంటే ధీమాగా నడుస్తుంది. కికుమి ఆమెకు తల అప్పగించి గోకించుకుంది. నాకు కోపం వచ్చిందని రాద్దామనుకున్నాను. రాలేదు.

"ఇసావో గారూ, ఈసారి కోడెదూడ పుడితే మాత్రం విత్తులు కొట్టించకండి. ముందు నాకు ఫోన్ చేయండి."

"ఈ తీగకి అంకెలు ఎప్పుడూ తక్కువే కదమ్మా. మాంసంలో ధర పలికే కొవ్వు చారలు పడవని మా మామగారి కాలం నుంచీ అందరూ వదిలేశారు."

"తక్కువే. అంకె ఎక్కువున్న ఆబోతుల్నే అందరూ వాడుకున్నారు. ఇప్పుడు జిల్లాలో ఏ ఆవుని చూసినా ఆ నాలుగైదు ఆబోతుల మనవరాలే. ఎవర్ని ఎవరికి కట్టినా మేనరికమే. మేనరికం కూడా కాదు, అన్నాచెల్లెళ్ళు. దూడలు చిన్నవి పుడుతున్నాయి, చూళ్ళు నిలవడం లేదు."

"మరి ఇది?"

"ఇది వాటితో కలవకుండా పక్కన మిగిలిపోయింది. తోమియే గారు మొండిగా ఉంచారు కాబట్టి. ఇక వేరే ఎక్కడా లేదు."

దూడ చెవి నుంచి చిన్న ముక్క తీసి పంపితే, రేపు దాని పిల్లల మాంసం ఎలా ఉంటుందో దూడప్పుడే అంకె వేసి చెప్పేస్తారు. ఇదివరకు ఆ పిల్లలు పుట్టి, పెరిగి, కోతకు వెళ్ళే దాకా ఆగేవాళ్ళు. ఏ పశువులో ఏ తీగ ఎంత ఉందో కూడా అందులోనే తెలుస్తుందట. తోమియే ఈ అంకెల్ని నమ్మేది. రాత్రిపూట కళ్ళజోడు పెట్టుకుని పుస్తకాలు చదివి, పక్కన పడుకున్న నాకు వినిపించేది. నేను నిద్ర నటించేవాణ్ణి.

పెళ్ళైన కొత్తలో ఈ తీగ గొడవ నాకు అర్థమయ్యేది కాదు. ఆవు, దాని తల్లి, ఆ తల్లికి తల్లి, అలా వెనక్కి పాకుతూ పోతే అదే తీగ. మామగారు అన్నం తింటూ తన ముత్తాత పేరు తడుముకునేవాడు గానీ ఆవుల పేర్లు ఏడు తరాలు గడగడా చెప్పేవాడు.

నవంబరు 30

చలి. గూటి ముందు కూడా చెప్పాను, చలిగా ఉందని.

డిసెంబరు 12

మధ్యాహ్నం అన్నం తింటుంటే కొట్టంలో చప్పుడైంది. వెళ్ళేసరికి కికుమి కాళ్ళు మార్చి మార్చి నిలబడుతోంది. నాకేం చేయాలో తోచలేదు. జింపచి అన్నని కేకేశాను. ఇద్దరం తాడు కట్టి లాగాం. నేను తొందరపడి లాగితే వీపు మీద ఒకటి వేశాడు. "బస్సు బ్రేకు కాదురా అది. అది ముక్కినప్పుడు లాగు, ఆపినప్పుడు ఆపు."

కోడెదూడ.

హయామికి ఫోన్ చేశాను. ఆమె అవతల నవ్వుతూ ఏడ్చినట్టుంది. కికుమి దూడను నాకుతూనే ఉంది, నన్ను దగ్గరికి రానిచ్చింది. మాయ కూడా చీకటి పడకముందే పడింది. గూటి ముందు చెప్పాను, "తోమియే, మగపిల్లాడు." నేను సంతోషించాలి కాబట్టి సంతోషించానని రాస్తున్నాను.

డిసెంబరు 20

హయామి వచ్చి దూడ చెవి ముక్క తీసుకుంది. కికుమి తోక వెంట్రుకలు కూడా. ఆ తీగలో ఎప్పుడో పుట్టిన ఆబోతు వెంట్రుకలు కేంద్రంలో దాచి ఉన్నాయట, వాటితో పోలుస్తారు. ఊళ్ళో మిగతా ఆవులతో తేడా తెలియాలని జింపచి అన్న కొట్టానికి కూడా వెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను.

"నా ముసలి హత్సునేవి కూడానా? దానికేమైనా సంబంధం చూస్తున్నావా అమ్మా?" అన్నాడు జింపచి అన్న.

"వరుడు దొరికితే చెప్తాను పెదనాన్నా."

"రెండేళ్ళుగా చూలు నిలవట్లేదు. గడ్డి దండగ, మొహం చూస్తే కోతకి పంపబుద్ధి కాదు."

హత్సునే పొట్టిది. వెంట్రుకలు పీకినా కదల్లేదు. ఫలితాలు మార్చి నాటికి వస్తాయంది హయామి. నేను తల ఊపాను.

జనవరి 3

కొత్త సంవత్సరపు మోచీ, బియ్యం దంచి చేసే ముద్ద, తిన్నాను. ఒక్కడికే చేసుకుంటే కుదరదు. గట్టిగా ఉంది.

జనవరి 8

మంచు. ఇంటి కప్పు మీదది ఎత్తి పోశాను. జింపచి అన్న నడుం పట్టేసింది. వాళ్ళ కప్పు మీదది కూడా నేనే ఎత్తి పోశాను.

దూడకి పేరు పెట్టలేదు. పెట్టను కూడా.

జనవరి 23

జింపచి అన్నకి నడుం ఇంకా లేవడం లేదు. పొద్దున్నే కబురు పెట్టాడు. "హత్సునేని తోలెయ్యాలిరా. నేను వంగి పేడ ఎత్తలేను. నువ్వైతే బండి నడుపుతావు." సరే అన్నాను. బండి నడపమంటే నాకు నయం. రోడ్డు చూసుకుంటే చాలు.

బండికి బల్ల వేస్తే హత్సునే ఎక్కలేదు. తాడు లాగితే కాళ్ళు బిగబట్టింది. చివరికి నేను ముందు ఎక్కి తవుడు బొచ్చె చూపిస్తే నిదానంగా వచ్చింది. జింపచి అన్న నడుం పట్టుకుని నిలబడి దాని నుదుటి మీద చెయ్యి వేసి ఏదో గొణిగాడు. "ఇన్నేళ్ళు చాకిరీ చేశావు తల్లీ" లాంటి మాట. ముక్కు తుడుచుకున్నాడు. ఈయనకి ఆవుని చూస్తే ఏడుపు వస్తుంది. నాకు పెళ్ళాం పోతే రాలేదు. నేను బండి తలుపు వేశాను.

కబేళా దగ్గర ఒకడు వచ్చి తాడు తీసుకున్నాడు. హత్సునే వాడి వెంట వెళ్ళింది, వెనక్కి చూడలేదు. దారిలో సెమ్‌బేయ్ బియ్యపు అప్పచ్చుల ప్యాకెట్టు కొనుక్కుని తింటూ వచ్చాను.

ఫిబ్రవరి 2

మంచు.

ఫిబ్రవరి 10

పెద్దోడు గడ్డి కొరకడం మొదలుపెట్టాడు. పెద్దోడు అంటే దూడ. పేరు కాదు, ఊరికే అంటున్నాను.

ఫిబ్రవరి 19

పెద్దోడు నా వేళ్ళు చీకాడు. చెయ్యి కడుక్కున్నాను. మళ్ళీ చీకాడు. గూటి ముందు చెప్తుంటే మాట కాస్త ఎక్కువైంది ఇవాళ. "నీ తీగ దుక్కలా ఉంది, నా చొక్కా నమిలేస్తోంది" అన్నాను. ఎంపికైతే ఆబోతుగా కేంద్రానికి తీసుకెళ్తారు. దాని వీర్యం జిల్లా అంతా వెళ్తుంది. మాట నిలబెట్టుకున్నట్టే. ఆ తర్వాత కొట్టం మూసేయొచ్చు.

మార్చి 4

హయామి ఫోన్ చేయకుండా వచ్చింది. ఎప్పుడూ తిన్నగా కొట్టంలోకి వెళ్ళే పిల్ల, ఇవాళ బూట్లు విప్పి ఇంట్లోకి వచ్చింది. జింపచి అన్న అప్పటికే నా దగ్గర టీ తాగుతున్నాడు.

"అంకె వచ్చిందా?" అన్నాను.

"వచ్చింది. కొవ్వు చారలకి అంకె అనుకున్నదానికంటే నయంగా ఉంది."

"మంచిదే కదా."

"అక్కడే అనుమానం వచ్చింది. ఈ తీగలో అంత రాకూడదు." కప్పుని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది, తాగడం లేదు. "మీ కికుమిలో ఆ తీగ లేదు ఇసావో గారూ. దూడలోనూ లేదు. ఏదో పొరపాటు అయి ఉంటుందని మళ్ళీ చేయించాను. మళ్ళీ అదే వచ్చింది. రెండూ ఊళ్ళో మిగతా ఆవుల్లాంటివే. కికుమి తల్లి అసలు ఆ తీగలో పుట్టింది కాదు."

జింపచి అన్న నవ్వేశాడు. "అదేం మాటమ్మా. తోమియే వాళ్ళ నాన్న కాలం నుంచీ చూస్తున్నా ఆ ఆవుల్ని."

"ఆ తీగ వేరే ఆవులో దొరికింది. మీ హత్సునేలో పెదనాన్నా. నేనెక్కడా చూడనంత చిక్కగా ఉంది. దాని అంకె కూడా తక్కువే, అదేం ఫరవాలేదు. దాన్ని ఒకసారి చూడాలి. ముసలిదైనా, చూలు నిలవకపోయినా, అండాలు తీసి వేరే ఆవుల కడుపులో పెట్టొచ్చు."

జింపచి అన్న నా వైపు చూశాడు. అందుకని నేను చెప్పాను. "జనవరిలో కబేళాకి పంపేశాం. బండి నేనే నడిపాను."

హయామి కప్పు కింద పెట్టింది. "దానికి పుట్టిన పెయ్యలు?" అంది.

"ఒకటో రెండో పుట్టాయి. దూడల సంతలో మేపుడు వాళ్ళు కొన్నారు. ఎప్పుడో కోతకి వెళ్ళిపోయి ఉంటాయి" అన్నాడు జింపచి అన్న.

ఆ పిల్ల మా ఇద్దరి ముందూ ఏడ్చింది. ఫలితాలు ఇంకాస్త ముందు తెప్పించాల్సిందంది. దాచిన ఆ వెంట్రుకలతో ఆవు తిరిగి రాదు కదా అంది. నేను కొత్తగా టీ పెట్టాను. నీళ్ళు మరిగాయి. ఆకు వేశాను. కప్పులు కడిగాను.

మార్చి 5

మోకాలు నొప్పి. గూటి ముందు కూర్చోలేకపోయాను. అన్నం మాత్రం పెట్టాను.

మార్చి 6

మోకాలు.

మార్చి 8

అటక మీద నుంచి గడ్డి మోపులు దింపాను. మోకాలు నొప్పిగానే ఉంది. కూర్చుంటేనే నొప్పి.

మార్చి 11

జింపచి అన్న సాకే సారా సీసా పట్టుకొచ్చాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఒక ఏడు మంచుకి మా కొట్టం కప్పు కూలింది గుర్తుందా?"

"లేదు."

"నీకెందుకు గుర్తుంటుందిలే. రోడ్లు మూసుకుపోయి నువ్వు కొండ అవతల బస్సుతో చిక్కుకుపోయావు. మా చూలావుని మీ కొట్టంలో కట్టుకోమంది తోమియే. మాదీ మీదీ ఒకేవారం ఈనాయి. రెండూ పెయ్యలే. కొట్టంలో చోటు లేక దూడలు రెండింటినీ ఒకే అరలో వేసింది. ఏ దూడ ఏ తల్లి దగ్గర తాగిందో ఎవరికి తెలుసు. రెండూ మసిబొగ్గులే."

"ముక్కు ముద్రలు తీస్తారు కదా." మనిషికి వేలిముద్ర ఎలాగో దూడకి ముక్కు ముద్ర అలాగ. తల్లి పేరుతో పాటు అదీ దాఖలవుతుంది.

"అది ఆ తర్వాత నెలలకి కదరా. కప్పు వేసుకున్నాక నా దూడ కోసం వచ్చాను. తోమియే రెండు తాళ్ళూ పట్టుకుని నిలబడి, 'ఏది మీది జింపచి అన్నా?' అంది. 'పొట్టిది నాదనుకుంటా' అన్నాను. 'నాకూ అలాగే ఉంది' అని నవ్వి ఇచ్చేసింది. ముద్రలు ఆ తర్వాత పడ్డాయి. నేను తెచ్చుకున్న పొట్టిది హత్సునే. మీ ఇంట్లో ఉండిపోయింది మీ కికుమి తల్లి."

ఇద్దరం సీసాలో సగం తాగేశాం.

"కోతకి పంపింది నేను. నాకు ముద్ద దిగట్లేదురా" అన్నాడు.

"ఎక్కించింది నేను కదా."

"తోమియేకి చెప్పావా?"

"మోకాలు నొప్పి" అన్నాను. ఆయన నా మోకాలు వైపు చూశాడు.

మార్చి 19

పెద్దోడికి విత్తులు కొట్టి వెళ్ళారు. వాడు చీకటి పడేదాకా పడుకునే ఉన్నాడు. కాసేపు పక్కన నిలబడ్డాను.

మార్చి 27

అన్నం పెట్టాను. గంట కూడా మోగించాను. చెప్పడానికి విశేషాలు లేవు.

ఏప్రిల్ 9

హయామి ఫోన్ చేసింది. కికుమి ఇక వాళ్ళ పథకంలో లేదు. నా ఇష్టం వచ్చినట్టు చేసుకోవచ్చు. "మీరెలా ఉన్నారు?" అంది. బాగానే ఉన్నానన్నాను. అది నిజం. తింటున్నాను, పడుకుంటున్నాను.

కికుమిని మే నెల సంతలో, పెద్దోణ్ణి ఇంకాస్త పెరిగాక దూడల సంతలో అమ్మేస్తాను. తోమియే ఉంచమంది తీగని. ఇందులో ఆ తీగ లేదు. ఉంచడానికి కారణం లేదు. ఇది చాలా తేలిగ్గా తేలిపోయింది. ముందే ఇలా అయితే ఇన్ని నెలలు పేడ ఎత్తేవాణ్ణి కాదు.

ఏప్రిల్ 22

చెర్రీ పూలు రాలిపోయాయట. టీవీలో చెప్పారు.

మే 16

రేపు సంత. పశువుని సంతకి మురికిగా తీసుకెళ్తే ఇంటికి పరువు తక్కువ. తోమియే దువ్వెన వెతికి తీశాను. పీచు దువ్వెన, పిడి దగ్గర ఆవిడ బొటనవేలు అరగదీసిన గుంట. మెడ నుంచి మొదలుపెట్టాను. ముఖం తిప్పుకుంటుందనుకున్నాను. తిప్పుకోలేదు. కళ్ళు సగం మూసి, మెడ చాపి, బరువంతా నా మీద వేసేసింది. ఎప్పుడు అలవాటు పడిందో నేను గమనించలేదు.

దువ్వెనలో ఇంకా పాత వెంట్రుకలు ఇరుక్కుని ఉన్నాయి. తీయలేదు.

మే 17

జింపచి అన్న కూడా వచ్చాడు, ముందు సీట్లో నడుం కింద దిండు పెట్టుకుని. కికుమి బల్ల తొక్కుకుంటూ తనే ఎక్కింది. దారంతా ఆయనొక్కడే మాట్లాడాడు.

వేలంపాట వలయంలోకి నేనే నడిపించుకెళ్ళాను. తల్లి పేరు, దాని తల్లి పేరు పెద్ద గొంతుతో చదివారు. హయామి వాళ్ళు కాగితాలు సరిచేశారు కాబట్టి మా మామగారు గడగడా చెప్పే పేర్లు ఒక్కటీ అందులో లేవు. పాట మొదలైంది, త్వరగానే ఆగింది. ధర సరిపోయిందా లేదా అని అందరూ నా వైపు చూస్తున్నారు. ఒప్పుకుంటే తల వంచాలి. వద్దనుకుంటే చెయ్యెత్తి పశువుని వెనక్కి తీసుకుపోవచ్చు.

చెయ్యెత్తాను.

ముందు వరసలో ఉన్న బేరగాడు విసుక్కున్నాడు. "మామూలు ఆవుకి ఇంతకంటే ఎవడిస్తాడు తాతా? బంగారం ఏమైనా మింగిందా?"

"మామూలుదే" అన్నాను. తాడు పట్టుకుని బయటికి వచ్చేశాను. జింపచి అన్న బల్ల వేయడానికి నడుం వంచబోతే నేనే వద్దన్నాను.

ఇంటికి వచ్చి కికుమిని కట్టేసి, గడ్డి వేసి, తిన్నగా గూటి దగ్గరికి వెళ్ళాను. గంట మోగించలేదు. కూర్చోలేదు. నిలబడే మాట్లాడాను.

"నువ్వే ఇచ్చేశావు తోమియే. పొట్టిదాన్ని నీ చేత్తో నువ్వే పక్కింటాయనకి ఇచ్చేశావు. ఇన్నేళ్ళు పక్కింటాయన ఆవు సంతానాన్ని దువ్వావు. చచ్చిపోయేటప్పుడు కూడా ఆవు మాటే. నేనేం తింటానని అడిగావా? ఎలా ఉంటానని అడిగావా? సరే అన్నాను కదా, అందుకు నీ తీగని నేనే తవుడు చూపించి ఎక్కించాను. దింపేసి సెమ్‌బేయ్ తింటూ వచ్చాను. తెగిపోయింది. విన్నావా, తెగిపోయింది. ఇప్పుడు కొట్టంలో ఉన్నది ఎందుకూ పనికిరాని మామూలు ఆవు. దాన్ని కూడా అమ్మలేకపోయాను. నువ్వు దువ్విన వీపు అది. ఇక నీకు సంబంధించింది నా దగ్గర ఏముంది?"

గొంతు ఎంత లేచిందో నాకు తెలియదు. ఏడుస్తున్నానని కూడా ఆలస్యంగా తెలిసింది. చొక్కా ముందంతా తడిసిపోయింది. ఆగస్టు నుంచీ ఎక్కడ ఉందో ఇదంతా. ఫోటో అలా నవ్వుతూనే ఉంటే ఇంకా కోపం వచ్చి, మా పెళ్ళైన కొత్త సంగతుల దగ్గర్నుంచి మొదలుపెట్టి మళ్ళీ తిట్టాను.

జింపచి అన్న నడుం పట్టుకుని పడుతూ లేస్తూ వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు.

"ఎవరితోరా ఆ కేకలు?"

"మా ఆవిడతో."

గూటి వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"సరే, కానివ్వు" అని తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.